గాలి చెప్పిన రోజునే పడవెక్కు

విశాఖపట్నం

చి.ల.సౌ. అమ్మడుకి,

పెదనాన్న దీవించి రాయునది. ఉభయకుశలోపరి. పడవ షికారు ఎప్పుడు, ఎలా పెట్టుకోవాలని మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను. నీ పక్కన చిన్నోడి గోల, నా పక్కన మీ పెద్దమ్మ కుక్కరు. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో గ్రీసులోని పారోస్ దీవికి వెళ్తున్నారు. ఒక సాయంత్రం మీ నలుగురికే చేపల పడవ ఒకటి మాట్లాడుకుని, కాసేపు గాలాలు వేసి, పొద్దుగుంకేదాకా సముద్రం మీదే ఉందామనుకుంటున్నారు. బాగుంది. అల్లుడుగారు దాన్ని ఆఖరి సాయంత్రానికి బుక్ చేద్దాం, యాత్ర దాంతో ముగిస్తే బాగుంటుందన్నారట. అది మాత్రం వద్దని చెప్పు. రెండో రోజుకో మూడో రోజుకో పెట్టుకోండి.

కారణం గాలి. ఏజియన్ సముద్రంలో ఎండాకాలమంతా ఉత్తరం నుంచి ఒక గాలి వీస్తుంది, దాని పేరు మెల్టెమి. జులై, ఆగస్టుల్లో దాని ఉరవడి చూడాలి. మనకి గాలివాన అంటే ముందు మబ్బు పట్టాలి, ఉరమాలి. అక్కడ ఆకాశంలో మబ్బు తునకైనా ఉండదు, ఎండ ఫెళఫెళలాడుతూ ఉంటుంది, ఒడ్డున కాఫీ తాగుతున్నవాడికి ఇంతకన్నా మంచి రోజు లేదనిపిస్తుంది. సముద్రం మీద చూస్తే ఎటు చూసినా తెల్ల నురగ. దీనికి మనతో చుట్టరికం కూడా ఉందమ్మా. వేసవిలో మన వాయవ్యాన పట్టే అల్పపీడనం, ఋతుపవనాల్ని లాక్కొచ్చేదే, ఇరాన్ మీదుగా టర్కీ దాకా చెయ్యి చాపుతుంది. అటు బాల్కన్ల మీద అధిక పీడనం. ఆ రెంటి మధ్య సందులోంచి తోసుకొచ్చేదే ఈ మెల్టెమి. మనకి వాన తెచ్చే వేడే అక్కడ గాలిని తోలుతుంది.

సెప్టెంబరు ఆఖరుకి అది నెమ్మదిస్తుంది, పూర్తిగా మానదు. ఒకసారి లేచిందంటే రెండు మూడు రోజులు వదలదు. ఆఖరి సాయంత్రమే పెట్టుకుని, ఆ రోజే గాలి లేచిందనుకో, డబ్బు వెనక్కొచ్చినా సాయంత్రం వెనక్కి రాదు. ముందు పెట్టుకుంటే ఒక రోజు అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇంకా మంచి పద్ధతి, పడవ నడిపే సరంగుకి ముందే కబురు పెట్టు: "మేము ఈ మూడు సాయంత్రాలూ ఖాళీగానే ఉంటాం, ఏది మంచిదో నువ్వే చెప్పు" అని. నిజంగా వేటకెళ్ళేవాడైతే ఆ మాటకి సంతోషిస్తాడు. "ఏ రోజైనా ఒకటే మేడమ్" అన్నాడంటే ఇంకొకణ్ణి వెతుక్కో.

అక్కడ గాలిని గంటకిన్ని కిలోమీటర్లని ఎవరూ చెప్పుకోరు. బొఫోర్ అంటారు, గాలి బలాన్ని అంకెల్లో చెప్పే కొలత. కాఫీ కొట్టు దగ్గర ముసలాళ్ళు కూడా "ఈవేళ ఐదు, రేపు ఏడట" అనుకుంటారు, మనవాళ్ళు ఎండ డిగ్రీలు చెప్పుకున్నట్టు. 3 దాకా హాయి. 4 అంటే గంటకి 20 నుంచి 28 కిలోమీటర్లు, దీవి చాటున తిరిగితే ఫరవాలేదు. 5 అన్నారంటే మీ అత్తగారినీ చిన్నోడినీ ఎక్కించకు. 6 అయితే చిన్న పడవ సరంగే రానంటాడు, అలా అన్నవాడే మంచి సరంగు. మరీ ముదిరితే పెద్ద ఓడలకి కూడా రేవు దాటే అనుమతి ఉండదు. అందుకే ఏథెన్స్‌లో విమానం ఎక్కే రోజునే పారోస్‌లో ఓడ ఎక్కకండి. ఏథెన్స్ పక్కనున్న పిరాయస్ రేవుకి మామూలు ఓడలో సుమారు 4 గంటలే, కానీ ఆ ఓడ కదలాలిగా. ఒక రోజు ముందే ఏథెన్స్ చేరిపోండి.

మన తీరంలో తిరిగినదాన్ని కదా, నాకేం భయమని అనుకుంటావేమో. బంగాళాఖాతం అల పొడుగు, పడవని ఎత్తి మెల్లిగా దింపుతుంది. ఏజియన్ అల పొట్టి, నిటారు, కొడుతుంది. పారోస్‌లో మీ ఓడ ఆగే పారికియా రేవు బయట పోర్తెస్ అని రెండు రాళ్ళుంటాయి, ఓడలోంచి చూస్తే కనిపిస్తాయి. 2000వ సంవత్సరం సెప్టెంబరు 26న రాత్రి 10 దాటాక, గాలి కొడుతుండగా, ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ప్రయాణికుల ఓడ వాటికే గుద్దుకుని మునిగిపోయింది. 500 మందికి పైగా ఉన్నారందులో, 80 మందికి పైగా పోయారు. మిగిలినవాళ్ళలో చాలామందిని చీకట్లో నీళ్ళలోంచి లాగింది ఆ ఊరి చేపల పడవలే. నిన్ను బెదిరించడానికి కాదు ఇది. ఆ రేవులో ముసలి సరంగు ఎవరైనా "ఈవేళ వద్దు" అంటే బేరమాడకూడదని.

ఇక పడవ సంగతి. నా మొదటి గ్రీకు పడవ ప్రయాణం పారోస్‌లో కాదు, పక్కనే సైరోస్ దీవిలో. మా ఓడ మరమ్మతుకని అక్కడి నియోరియన్ ఓడల యార్డులో డ్రై డాక్ ఎక్కింది, నేను సెకండ్ ఇంజినీర్ని. యార్డు పక్కనే ఒక ముసలాయన పడవ కట్టేవాడు. అందరం బార్బా అనేవాళ్ళం, మన బాబాయ్ లాంటి పిలుపే. ఆయన పంపు పాడైతే నేను బాగుచేశాను, దానికి బదులుగా ఆయన మమ్మల్ని సాయంత్రం వేటకి తీసుకెళ్ళాడు. చెక్క పడవ, ముందూ వెనకా రెండు వైపులా కొస తేలి ఉంటుంది. త్రెహాందీరి అంటారు. వెనకనుంచి అల వచ్చినా చీల్చుకుని పక్కలకి పోతుంది, అందుకే ఆ ఆకారం. ఇప్పుడవి తగ్గిపోయాయి. వేట తగ్గించడానికని ఐరోపా సమాఖ్య డబ్బిచ్చి లైసెన్సులు వెనక్కి తీసుకుంది. లైసెన్సుతో బాటు పడవని కూడా ముక్కలు చేయించాలన్నది షరతు. తాతల నాటి పడవలు వేలాదిగా బుల్డోజర్ల కింద పడ్డాయి. నీకు దొరికితే అలాంటి చెక్క పడవే ఎక్కు. తెల్లగా మెరిసే ప్లాస్టిక్ పడవలో మెత్తటి సోఫాలుంటాయి, వాటిలో సూర్యాస్తమయం కనిపిస్తుంది గానీ వేట కనిపించదు. చేపలు పట్టే పడవల్లోనే లైసెన్సు తీసుకుని యాత్రికుల్ని ఎక్కించుకునేవాళ్ళు అక్కడున్నారు. ఆ లైసెన్సు ఉందా అని సిగ్గుపడకుండా అడుగు.

ఒకసారి నేనూ మోసపోయాను. పేరెందుకు గానీ, ఒక దీవిలో ఏజెంటు ద్వారా "మీకు మాత్రమే" అని డబ్బు కట్టి మీ పెద్దమ్మని తీసుకెళ్ళాను. రేవుకెళ్తే పదకొండు మంది, పడవ వేరు, సరంగు వేరు, గాలాలు అసలు లేవు. మీ పెద్దమ్మ నన్నేమీ అనలేదు, అదే పెద్ద శిక్ష. అప్పట్నుంచి నేను డబ్బు కట్టే ముందు పడవ ఫొటో కాదు, సరంగుతో మాట అడుగుతాను. ఆయనతోనే ఈ నాలుగూ తేల్చుకో: మేము తప్ప ఇంకెవరూ ఎక్కరు కదా, రేవు వదిలి మళ్ళీ రేవు చేరేదాకా ఎన్ని గంటలు, గాలి వల్ల నువ్వే మానేస్తే డబ్బు మొత్తం తిరిగిస్తావా లేక రోజు మారుస్తావా, పిల్లాడి కొలతకి లైఫ్ జాకెట్ ఉందా. ఐదోది మీ అత్తగారి కోసం. పడవలో మరుగుదొడ్డి ఉందా, ఎక్కడానికి పలక వేస్తారా, దూకాలా. ఆవిడ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. అక్కడ ఆటుపోట్లు జానెడే కాబట్టి మన హార్బరులోలాగా పడవ ఒకప్పుడు మిద్దె మీద, ఒకప్పుడు నూతిలో ఉండదు. అయినా చిన్న పడవ ఊగుతూనే ఉంటుంది, పలక మీద రెండడుగులు వేయడం కూడా ఆవిడకి కష్టమే.

ఏ రేవు నుంచి? నౌసా చాలా అందమైన రేవు, పడవలన్నీ బొమ్మలు పేర్చినట్టుంటాయి, ఫొటోలన్నీ అక్కడివే. కానీ ఆ అఖాతం నోరు ఉత్తరానికి తెరిచి ఉంటుంది, మెల్టెమి నేరుగా లోపలికి వస్తుంది. గాలి ఉన్న రోజున దక్షిణాన అలికి అనే ఊరు నయం, దీవే గోడలా అడ్డుంటుంది. గాలి లేని రోజున ఎక్కడైనా సరే. నౌసాకి ఎలాగూ మధ్యాహ్నం వెళ్తారు కాబట్టి అక్కడ గూనా అడుగు. కానాగంత జాతి చేపనే వెన్నుదగ్గర చీల్చి పుస్తకంలా తెరిచి, ఎండలో ఆరేసి, బొగ్గుల మీద కాలుస్తారు. మన ఎండు చేపంత ఘాటు ఉండదు, ఆరీ ఆరనట్టుంటుంది. అల్లుడుగారు లొట్టలేస్తారు. కానీ పడవెక్కే రోజున తినకండి.

పడవెక్కే రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినాలి. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. ఒంట్లో తిప్పుతుందన్న అనుమానం ఉంటే, మీ డాక్టర్ని అడిగి మాత్ర పడవెక్కడానికి ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే. పడవ మధ్యలో కూర్చో, అక్కడ ఊపు తక్కువ. ఇంజిను పొగ వచ్చే వైపు కూర్చోకు. ముప్ఫయ్యేళ్ళు ఇంజిన్ రూముల్లో గడిపినవాణ్ణి చెప్తున్నాను, సముద్రం కన్నా డీజిలు వాసనే ఎక్కువమందిని పడగొడుతుంది. ఫోను చూడకు, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చూడు.

బట్టల దగ్గర ఒక్కటే పట్టుదల నాది: చున్నీ వద్దు. వల లాగే మర ఒకటుంటుంది పడవ పక్కన, చక్రంలా తిరుగుతూ. అది తాడుకీ చున్నీకీ తేడా చూడదు. మీ అత్తగారి కొంగు గట్టిగా బిగించి దోపుకోమను, నీ జడ ముడి వేసుకో. చెప్పులు విప్పేయమంటే విప్పేయ్, తడి చెక్క మీద ఉత్తి కాళ్ళే నయం. ఎండ దిగాక గాలికి చలేస్తుంది, ఒక శాలువా మెత్తటి సంచీలో పెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం పూట వల లాగుతుంటే నిండా చేపలు ఎగిరిపడతాయని చిన్నోడికి ఆశపెట్టకు. వేట పద్ధతి మన దగ్గరలాగే. చాలామంది పొద్దుగుంకే ముందు వల దించుతారు, తెల్లవారుజామున లాగుతారు. సాయంత్రం నువ్వు చూసేది దించడమే. కాబట్టి పడవ మీద వండి పెట్టే చేప చాలావరకు ఆ ఉదయం పట్టిందయ్యుంటుంది. అందులో మోసమేమీ లేదు. మీరు పట్టేది చేతి గాలంతో. బెండుకి చుట్టిన నైలాను దారం, చివర సీసం గుండు, దానికి పైన రెండు మూడు గాలాలు, ఎర రొయ్య ముక్కో కలమారి (స్క్విడ్) ముక్కో. గుండు అడుగు తాకగానే దారం ఒక్కసారి వదులవుతుంది. అప్పుడు ఒక మూర పైకి లాగి, చూపుడు వేలి మీద దారం ఆనించి ఊరుకోవాలి. చేప ఎర ముట్టుకుంటే వేలి మీద నాడి కొట్టుకున్నట్టుంటుంది. రెండోసారి కొట్టినప్పుడు లాగు. దారం చేతికి చుట్టుకోకు, చిన్నోడి వేలికి అసలే చుట్టనివ్వకు. చిన్న చేపకైతే ఏమీ కాదు, పెద్దది పట్టిందంటే చర్మం కోసుకుపోతుంది.

గాలం నుంచి చేపని విప్పడం మాత్రం సరంగు పని. దీని వెనక నా బొటనవేలి కథ ఉంది. ఆ సైరోస్ సాయంత్రం నా గాలానికి జానెడు చేప ఒకటి పడింది, ఇసక రంగులో, వీపు మీద నల్లటి చిన్న రెక్క. చేపలు తిని పెరిగినవాణ్ణి, నాకెవరు చెప్పాలి అని పట్టుకున్నాను. బార్బా అరిచేలోపే ఆ నల్ల రెక్క ముల్లు గుచ్చింది. తేలు కుట్టినట్టు కాదు, తేలుని నిప్పుల్లో కాల్చి దాంతో కుట్టించినట్టు. దాని పేరు ద్రాకెనా, ఆడ రాక్షసి అన్నట్టు. ఆయన తిట్టుకుంటూనే కాఫీ కాచే చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టి, చెయ్యి కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడిలో నా వేలు ముంచి పట్టుకున్నాడు. ఆ విషం వేడికి విరుగుతుంది. అరగంటకి పైగా నీళ్ళు మారుస్తూ కూర్చున్నాం, పొద్దు ఎప్పుడు గుంకిందో నాకు తెలీదు. రాళ్ళ దగ్గర ఎర్రగా తల నిండా ముళ్ళతో స్కోర్పినా అని ఇంకోటి ఉంటుంది, దానిదీ ఇదే కథ, వేడినీళ్ళే. తర్వాత డాక్టరుకి చూపించాల్సిందే.

ఇంకోటి కూడా తెలుసుకో, ఎందుకంటే అది మన వైపు నుంచే వలస వెళ్ళింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రపు చేపలు మెల్లమెల్లగా మధ్యధరాలోకి దూరాయి. వాటిలో లాగొకెఫలోస్ ఒకటి. ఒంటి పక్కన వెండి గీత, కుందేలు లాంటి పళ్ళు, పట్టుకుంటే పొట్ట ఉబ్బిస్తుంది. ఆ పళ్ళతో వలలూ గాలాలూ కొరికి పారేస్తుంది, పిల్లల వేళ్ళు దానికో లెక్క కాదు. ఒళ్ళంతా విషం, వండినా పోదు. సరంగు దాన్ని చూడగానే మొహం చిట్లిస్తాడు, నువ్వు చిన్నోణ్ణి దూరం జరిపెయ్.

దాని మాట మర్చిపోవడానికి మంచి చేప సంగతి చెప్తాను. బర్బూని అని ఎర్రటి చేప, గడ్డం కింద రెండు మీసాలు. చూడగానే గుర్తుపడతావు. మన హార్బరులో గులివిందలంటామే, వాటి కుటుంబమే. అక్కడ అది ఖరీదైన చేప, హోటల్లో కిలో లెక్కన ధర చూస్తే మీ పెద్దమ్మ స్పృహ తప్పుతుంది. పడవ మీద పెడితే వద్దనకు. మసాలా ఏమీ ఉండదు, కాల్చి, ఆలివ్ నూనెలో నిమ్మరసం గిలక్కొట్టి పోస్తారంతే. మొదటి ముద్దకి కారం వెతుక్కుంటావు, మూడో ముద్దకి మానేస్తావు. పచ్చిమిరపకాయలు నాలుగు జేబులో వేసుకెళ్తే నేను తప్పుపట్టను. చిన్నాచితకా చేపలు మిగిలితే ఉల్లిపాయ, బంగాళాదుంప వేసి కకావియా అని పులుసు కాస్తారు, అది ఒక్కటి మాత్రం అడిగి చేయించుకో.

మీ అత్తగారు శాకాహారి. ఇక్కడ జాగ్రత్త. ఎవరో "నిస్తీసిమో" అని చెప్పమంటారు, అంటే వాళ్ళ ఉపవాసపు తిండి. మాంసం, గుడ్డు, పాలు ఉండవు, నిజమే. కానీ వాళ్ళ లెక్కలో రొయ్యా, ఆక్టోపస్సూ ఉపవాసానికి పనికొస్తాయి! ఒక తోటి ఇంజినీరు, మనవాడే, ఆ మాట చెప్పి దర్జాగా కూర్చుంటే పళ్ళెంలో ఎనిమిది కాళ్ళతో వచ్చింది. "హోర్తోఫాగోస్" అని చెప్పు, శాకాహారి అని, పైగా చేపా రొయ్యా కూడా వద్దని విడమరిచి చెప్పు. పప్పుని ఫావా అంటారు, పసుపురంగు పప్పుని మెత్తగా ఉడికించి పైన పచ్చి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేస్తారు. ఆవిడకి అది నచ్చుతుంది. చేప కాల్చిన పెనం మీదే ఆవిడ కూరగాయలు కాల్చొద్దని ముందే చెప్పాలి, అక్కడికెళ్ళాక కాదు.

సెప్టెంబరు ఆఖరుకి అక్కడ పొద్దుగుంకేది 7:15 ప్రాంతంలో. జూన్‌లో అయితే 8:40 అవుతుంది. పాత ఫొటోల కింద రాసిన టైములు చూసి బుక్ చేసుకోకండి. గాలాలకి గంటన్నర కావాలి, అంటే 5కే రేవులో ఉండాలి. సూర్యుడు మునగ్గానే పడవ తిప్పేసే సరంగులుంటారు, బేరంలోనే చెప్పు, ఇంకో అరగంట ఉండాలని. సూర్యుడు ఉన్నంతసేపూ అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడతారు. అసలు రంగులు వచ్చేది ఆ తర్వాతే, నీళ్ళు ఇత్తడి రంగు నుంచి వంకాయ రంగుకి మారుతుంటే. సరంగు ఇంజిను ఆపుతాడు. అప్పుడు పడవ చెక్కకి నీళ్ళు తగిలే చప్పుడు ఒక్కటే. చిన్నోడు కూడా ఊరుకుంటాడేమో చూడు.

సరంగు గదిలో అయ్యోస్ నికోలాస్ పటం ఉండొచ్చు, నావికుల్ని కాచే క్రైస్తవ పునీతుడు, మన గంగమ్మతల్లి లాగ. అల్లుడుగారు చిన్నోణ్ణి నవ్వించడానికి ఆ పటం మీద టోపీ గట్రా తగిలించకుండా చూడు, ఆయన సరదా మనకి తెలిసిందేగా. ఏదైనా ప్రమాదం వస్తే ఒడ్డునుంచైనా ఫోనులో 112, తీర రక్షక దళానికి 108. ఇక్కడి 108 అంబులెన్సు కదా, అక్కడ అదే అంకె సముద్రానికి, సులువుగా గుర్తుంటుంది.

దిగేటప్పుడు సరంగు చేతిలో ఓ పదో ఇరవయ్యో యూరోలు వేరే పెట్టండి. ఏరు దాటాక బోడి మల్లన్న అనే రకం మనం కాదు. "ఎఫ్హరిస్తో, కపెతానియే" అంటే చాలు, ధన్యవాదాలు కెప్టెన్ అని. నీ ఉచ్చారణకి నవ్వుతాడు, ఫరవాలేదు.

వచ్చేటప్పుడు నాకు ఆలివ్ నూనె తేవద్దు, మీ పెద్దమ్మ దాన్ని దీపానికి వాడేస్తుంది. పారికియా రేవు దగ్గర వేట సామాను కొట్లో బెండుకి చుట్టిన గాలం దారం దొరుకుతుంది. బార్బా ఇచ్చింది నా దగ్గర ఉండేది, మొన్న వానల్లో ఎలుక కొరికేసింది. అలాంటిదొకటి తెచ్చిపెట్టు. గాలాలుంటాయి కాబట్టి చేతి సంచీలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న